జూలైలో అలాస్కా: అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్లొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

శ్రావణి_డాలస్ | 2025 ఫిబ్రవరి 18
అందరికీ నమస్కారం. మే నెలాఖరుకి అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకి 69, అమ్మకి 63. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కిందటిసారి వచ్చినప్పుడు న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరా అన్నీ తిప్పాం. ఊరెళ్లాక నాన్న చుట్టాలందరికీ "అంతా బిల్డింగులేరా, మధ్యలో ఒక జలపాతం" అని చెప్పారట! పైగా డాలస్‌లో జూలై అంటే తెలిసిందే. రాజమండ్రి ఎండ తప్పించుకుని వచ్చి మళ్ళీ అదే ఎండలో పడ్డట్టు ఉంటుంది.

అందుకని ఈసారి అలాస్కా అనుకున్నాం. జూలైలో తొమ్మిది రోజులు. పిల్లలకి 11, 6. మావారు వేసిన ప్లాన్ ఇది: ఆంకరేజ్, అక్కణ్ణుంచి డెనాలి, ఫెయిర్‌బ్యాంక్స్, చీనా (Chena) వేడినీటి బుగ్గలు, ఆర్కిటిక్ సర్కిల్, వెనక్కి వచ్చి మటనుస్కా గ్లేసియర్, సీవార్డ్, హోమర్. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అరమైలు మించి నడవదు. నాన్న నడుస్తారు గానీ అన్నం లేకపోతే ఆయనకి అది ఊరే కాదు. ఈ ప్లాన్ కుదురుతుందా?

మధ్యతరగతి_మహారాజు | ఫిబ్రవరి 18
అమ్మా, మీవారు మ్యాప్‌ని ఫోన్‌లో చూసి ఉంటారు, అందుకే అన్నీ పక్కపక్కనే కనిపించాయి. ఆంకరేజ్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ సుమారు 360 మైళ్లు. అక్కణ్ణుంచి ఆర్కిటిక్ సర్కిల్ ఇంకో 200, డాల్టన్ హైవే మీద. అది చాలావరకు కంకర రోడ్డు. అద్దె కారు కంపెనీలు చాలావరకు ఆ రోడ్డు ఎక్కనివ్వవు. ఎక్కి చక్రం పగిలితే ఖర్చంతా మీదే. హోమర్ మళ్ళీ ఇటు దక్షిణం చివర. తొమ్మిది రోజుల్లో ఇవన్నీ అంటే అమ్మానాన్నలకి అలాస్కా కారు అద్దంలోంచే చూపిస్తారు.

కాఫీ_తాగుదామా | ఫిబ్రవరి 19
ఇంత తలనొప్పి ఎందుకు? క్రూయిజ్ ఎక్కించెయ్యండి. పెద్దవాళ్లకి అంతకంటే సుఖం లేదు. మంచం మీద నుంచి లేస్తే కిటికీలో గ్లేసియర్. పెట్టె సర్దే పని లేదు.

వరంగల్_టు_సియాటిల్ | ఫిబ్రవరి 19
క్రూయిజ్ మంచిదే, కానీ నా కథ విని బుక్ చేయండి. 2023లో మా అమ్మని, బాపుని సియాటిల్ నుంచి అలాస్కా క్రూయిజ్‌కి తీసుకుపోదామనుకున్నం. టికెట్లు అమ్మినాయన "అమెరికా వీసా ఉంటే చాలు" అన్నడు. షిప్ ఎక్కే రోజు కౌంటర్‌లో అడిగారు, కెనడా వీసా ఏదీ అని. ఎందుకంటే ఆ షిప్ తిరిగొచ్చేటప్పుడు విక్టోరియాలో ఆగుతది. 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ షిప్పులు అమెరికా రేవులో మనిషిని ఎక్కించుకుని మళ్ళీ అమెరికా రేవులోనే దింపాలంటే మధ్యలో వేరే దేశం రేవు తాకాలి. క్రూయిజ్ షిప్పులు దాదాపు అన్నీ విదేశీ రిజిస్ట్రేషనే. మనకి గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి తేడా తెల్వలేదు, ఇండియా పాస్‌పోర్టు మీద విజిటర్ వీసాతో వచ్చినవాళ్లకి తెలుస్తది.

అమ్మ ఆరోజు రేవు బయట బెంచీ మీద కూర్చుని "పోనీ తీ బిడ్డా, షిప్ అయితే చూసినం కదా" అన్నది. ఆ మాట ఇప్పటికీ కడుపులో మండుతది. డబ్బులు వాపస్ రాలేదు.

విమానంలో నేరుగా ఆంకరేజ్ దిగితే ఈ గొడవ లేదు. అదే, కారులో పోదామంటే కూడా మధ్యలో కెనడా వస్తది, గుర్తుంచుకోండి.

ఉత్తరాన_ఉన్నోడు | ఫిబ్రవరి 20
పదకొండేళ్లుగా ఆంకరేజ్‌లో ఉంటున్నాను. మా అమ్మ మూడుసార్లు వచ్చి వెళ్లింది. కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు పేరు. సీవార్డ్ కాదు, ఇక్కడ "సూవర్డ్" అంటారు. 1867లో రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకి ఈ నేలంతా కొనిపించిన విదేశాంగ మంత్రి పేరే ఈ ఊరికి పెట్టారు.

డెనాలి సంగతి. పర్వతం ఎత్తు 6,190 మీటర్లు. 2015లో అధికారికంగా డెనాలి అని పెట్టారు, 2025 జనవరిలో కేంద్రం మళ్ళీ మెకిన్లీ అంది. పార్కు పేరు మాత్రం డెనాలియే, మా నోట కూడా అదే. పార్కులో 92 మైళ్ల రోడ్డు ఉంది. సొంత కారు 15వ మైలు దాకానే, తర్వాత బస్సు. కొండచరియ జారడం వల్ల 2021 ఆగస్టు నుంచి 43వ మైలు దగ్గర రోడ్డు మూసేశారు, బస్సులు అక్కణ్ణుంచే తిరిగొస్తాయి. ఇక అసలు విషయం: వేసవిలో వచ్చినవాళ్లలో పర్వతం కనిపించేది సుమారు మూడో వంతు మందికే. మిగతావాళ్లు మబ్బుని చూసి వెళ్తారు. జూలై, ఆగస్టుల్లో వానలు ఎక్కువ. మా అమ్మ రెండుసార్లు వెళ్లింది, రెండుసార్లూ మబ్బే. "మన తిరుమల నయం, గంటలు నిలబడితే చివరికి కనిపిస్తాడు" అంది.

అందుకని నా మాట: డెనాలి వైపు గానీ, కీనాయ్ వైపు (సూవర్డ్ ఉన్న దక్షిణపు ద్వీపకల్పం) గానీ ఒక్కటే ఎంచుకోండి. మోకాళ్ల నొప్పులు, ఆరేళ్ల పాప అంటున్నారు కాబట్టి కీనాయ్. ఆంకరేజ్ నుంచి సూవర్డ్ 127 మైళ్లు. ఆ రోడ్డే ఒక యాత్ర, పక్కన సముద్రపు పాయ, అటు కొండలు. పోర్టేజ్ దగ్గర జంతు సంరక్షణ కేంద్రం ఉంది, ఎలుగులూ అడవి దున్నలూ దగ్గరగా కనిపిస్తాయి, నడక తక్కువ. సూవర్డ్‌లో ఎగ్జిట్ గ్లేసియర్ దగ్గర మైలు చుట్టు బాట చదునుగా ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది.

ఒక హెచ్చరిక. ఆ రోడ్డు పక్కన పాయలో నీళ్లు తీసినప్పుడు బూడిదరంగు బురద మేట చదునుగా, గట్టిగా కనిపిస్తుంది. ఫొటోకని దిగొద్దు. కాలు దిగబడితే బురద బిగుసుకుంటుంది, పోటు నీరు తిరిగి వచ్చేస్తుంది. అలా ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. పిల్లల చెయ్యి వదలకండి.

ఇంకోటి, ఎలుగు గురించి అందరూ భయపడతారు, మూస్ (ఇక్కడి పెద్ద జాతి దుప్పి) గురించి ఎవరూ భయపడరు. చూడటానికి ఒంటెకీ గేదెకీ పుట్టినట్టుంటుంది కాబట్టి దగ్గరికెళ్తారు. పిల్లతో ఉన్న ఆడ మూస్ చెవులు వెనక్కి వాల్చిందంటే పరుగెత్తండి. చెట్టు చాటుకి పోండి. ఎలుగు కనిపిస్తే మాత్రం పరుగెత్తకూడదు. రెండూ కలిపేసుకోకండి.

విజయవాడ_వీరుడు | ఫిబ్రవరి 20
పరుగెత్తాలా వద్దా అని ఆ క్షణంలో గుర్తొస్తుందా బ్రో 😀

ఉత్తరాన_ఉన్నోడు | ఫిబ్రవరి 20
రాదు. అందుకే గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ నడవమంటాను. మనుషుల అలికిడి వింటే అవే తప్పుకుంటాయి. ఈ విషయంలో మనవాళ్లకి సహజంగానే రక్షణ ఉంది.

శర్మగారి_అల్లుడు | ఫిబ్రవరి 21
వెలుగు గురించి ఎవరూ చెప్పలేదు. మా మామగారు రోజూ మూడు పూటలా సంధ్యావందనం చేస్తారు. జూన్ మూడో వారంలో తీసుకెళ్లాం. ఆంకరేజ్‌లో అప్పుడు పొద్దు పొడిచేది 4.20కి, గుంకేది రాత్రి 11.40 దాటాక. గుంకినా చీకటి పడదు. మొదటి రోజు ఆయన సాయంసంధ్య కోసం హోటల్ కిటికీ దగ్గర కూర్చుని, కూర్చుని, కుర్చీలోనే నిద్రపోయారు. లేచేసరికి ప్రాతఃసంధ్య! రెండో రోజు ఊళ్లో ఉన్న ఒక పెద్దాయనకి ఫోన్ చేసి అడిగారు. ఆయనేం చెప్పారో మాకు చెప్పలేదు గానీ, ఆరోజు నుంచి గడియారం చూసి ఆరున్నరకి కానిచ్చేశారు.

మందపాటి కర్టెన్లు ఉన్నాయా అని గది బుక్ చేసేటప్పుడే అడగండి. కళ్లకి కట్టుకునే గంతలు కూడా తీసుకెళ్లండి. పిల్లలైతే పదింటికి కూడా "ఇంకా సాయంత్రమే కదా" అని పడుకోరు.

మధ్యతరగతి_మహారాజు | ఫిబ్రవరి 21
ఆర్‌వీ (మంచాలు, వంటగది ఉన్న బండి) తీసుకుంటే గది గొడవే ఉండదు కదా? వంట కూడా అందులోనే.

కాఫీ_తాగుదామా | ఫిబ్రవరి 21
ఆరుగురు, తొమ్మిది రోజులు, ఒక్క బాత్రూమ్, పైగా దాని ట్యాంకు ఖాళీ చేసే పని అల్లుడిది. వద్దు.

పొదుపు_లక్ష్మి | ఫిబ్రవరి 22
వంటగది ఉన్న క్యాబిన్ తీసుకోండి. బియ్యం, పప్పు ఆంకరేజ్‌లోనే కొనుక్కోవచ్చు. పచ్చళ్లు, పొడులు మాత్రం ఇంటి నుంచి. ఊళ్లు దాటాక దుకాణాలు తక్కువ, ధరలు ఎక్కువ.

మా తప్పు చెప్తాను. రెండేళ్ల కిందట టెంట్ వేసుకున్నాం. రాత్రి పులిహోర గిన్నె, గోంగూర సీసా పిక్నిక్ బల్ల మీదే వదిలేసి పడుకున్నాం. పొద్దున్నే రేంజర్ వచ్చి ఎంత కోప్పడ్డాడో! తిండి, టూత్‌పేస్టు, సబ్బు, వాసన వచ్చేది ఏదైనా ఇనప పెట్టెలో పెట్టి గడియ వేయాలి, లేదా కారులో పెట్టి తాళం వేయాలి. ఒకసారి మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్ళీ మళ్ళీ వస్తుంది, చివరికి దాన్నే కాల్చేస్తారు. మన గిన్నె కడగని బద్ధకానికి దాని ప్రాణం. అప్పుడు సిగ్గేసింది.

ఎలుగుల స్ప్రే విమానంలో అస్సలు ఒప్పుకోరు, లగేజీలో కూడా. అక్కడే కొని, తిరిగొచ్చేటప్పుడు ఎవరికైనా ఇచ్చేయాలి. దోమలకి తల మీద వేసుకునే వల టోపీలు కూడా కొనండి. దోమే అలాస్కా రాష్ట్ర పక్షి అని అక్కడివాళ్లు జోకులేస్తారు, ఆ జోకు పూర్తిగా జోకు కాదు.

శ్రావణి_డాలస్ | ఫిబ్రవరి 23
అందరికీ థాంక్స్. వీసా సంగతి చదివి గుండె గుభేలుమంది, మేం కూడా క్రూయిజ్ ఆలోచించాం మరి. ఫెయిర్‌బ్యాంక్స్, ఆర్కిటిక్ సర్కిల్, హోమర్ కొట్టేశాం. మావారు మాత్రం "అలాస్కా వెళ్లి డెనాలి చూడలేదంటే ఆఫీసులో నవ్వుతారు" అని పట్టు వదలడం లేదు. డెనాలి వైపు ఉన్న టాల్కీట్నా ఊళ్లో రెండు రాత్రులు ఇచ్చాను, మొగుడు కదా అని.

ఉత్తరాన_ఉన్నోడు | ఫిబ్రవరి 23
శ్రావణి గారూ, మొదటి రోజే అడుగుదామనుకున్నాను. రాజోలు అన్నారు, నాన్నగారు చేపలు తింటారా?

శ్రావణి_డాలస్ | ఫిబ్రవరి 23
తింటారా ఏమిటండీ! మా నాన్నకి ఏడాదికి రెండే కాలాలు, పులస ఉన్న కాలం, లేని కాలం.

ఉత్తరాన_ఉన్నోడు | ఫిబ్రవరి 24
అయితే గ్లేసియర్లు, పర్వతాలు పక్కన పెట్టి ఆయన్ని రష్యన్ రివర్‌కి తీసుకెళ్లండి. కూపర్ లాండింగ్ దగ్గర, సూవర్డ్ వెళ్లే దారి నుంచి చీలి కాస్త పక్కకి వెళ్లాలి. జూలై మధ్య నుంచి సాకై సాల్మన్ రెండో విడత ఎదురెక్కుతుంది. బాట ఒక వైపు రెండు మైళ్ల పైచిలుకు, చివర జలపాతం. అక్కడ నిలబడితే చేపలు నీటిలోంచి ఎగిరి జలపాతం ఎక్కడం కనిపిస్తుంది. అమ్మగారు అంత నడవలేరు కాబట్టి ఆమెకి ఆంకరేజ్ పక్కన పాటర్ మార్ష్ చెక్కబాట, లేదా ఊరి నడిబొడ్డున షిప్ క్రీక్.

మా అమ్మది ధవళేశ్వరం. మొదటిసారి సాల్మన్ ఎదురెక్కడం చూసి "ఇది పులస మేనత్త కూతురు" అంది.

సైన్స్_మాస్టారు | ఫిబ్రవరి 24
పోలిక బావుంది గానీ చిన్న సవరణ. పులస సముద్రంలో ఉన్నప్పుడు ఇలస. వరదల కాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతుంది, గుడ్లు పెట్టి మళ్ళీ సముద్రానికి పోగలదు. సాల్మన్ తిరకాసు వేరు. నదిలో పుడుతుంది, సముద్రంలో పెరుగుతుంది, మళ్ళీ తను పుట్టిన ఏటికే వస్తుంది. దారి పట్టడంలో ఆ ఏటి నీటి వాసన సాయం చేస్తుంది. మంచినీళ్లలోకి వచ్చాక తిండి మానేస్తుంది. సాకై అయితే ఒళ్లంతా ఎర్రబడి, తల ఆకుపచ్చగా మారి, మగదానికి మూతి కొక్కెంలా వంగుతుంది. గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. ఆ కళేబరాలే ఎలుగులకి, గద్దలకి తిండి, చివరికి ఏటి ఒడ్డు చెట్లకి ఎరువు.

విజయవాడ_వీరుడు | ఫిబ్రవరి 24
పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు. సాల్మన్‌కి ఏం అమ్మాలి?

ఉత్తరాన_ఉన్నోడు | ఫిబ్రవరి 25
ఏమీ అమ్మక్కర్లేదు, ఇక్కడ పన్నెండు నెలలు కాపురం ఉంటే చాలు 😀 కీనాయ్ నది మొగ దగ్గర జూలై 10 నుంచి 31 దాకా డిప్‌నెట్ ఉంటుంది. పొడుగు కర్రకి పెద్ద వల, నడుము లోతు చన్నీళ్లలో నిలబడి పట్టుకోవాలి. ఇంటి పెద్దకి 25 చేపలు, ఇంట్లో ఒక్కో మనిషికి ఇంకో 10. పట్టిన ప్రతి చేపకీ తోక చివర్లు రెండూ కత్తిరించి, కార్డు మీద రాసుకోవాలి. అమ్మకూడదు. ఇది అలాస్కా నివాసులకి మాత్రమే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు వల పట్టుకోవడం కూడా నేరం. మా అమ్మ ఒడ్డున కుర్చీ వేసుకుని "ఎడం పక్కకి పో, ఎడం పక్కకి పో" అని అరుస్తుంది, దానికి పర్మిట్ అక్కర్లేదు.

గాలంతో అయితే విజిటర్లు కూడా పట్టొచ్చు. 16 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్సు కావాలి.

మీరొచ్చేటప్పుడు చెప్పండి. మా ఫ్రీజర్‌లో చోటు ఖాళీ చేసినవాళ్లవుతారు.

శ్రావణి_డాలస్ | జూలై 29
వెళ్లొచ్చాం! అడిగి మాయమయ్యేవాళ్లలో నేను లేను, అందుకే రాస్తున్నాను. కొంచెం పొడుగే.

టాల్కీట్నా రెండు రోజులూ వాన. పర్వతం ఉన్న దిక్కు చూపించే బోర్డు మాత్రం స్పష్టంగా కనిపించింది. మావారు దాంతోనే ఫొటో దిగారు. నాన్న ఆ రెండు రోజులూ క్యాబిన్ వరండాలో గొడుగు కింద కూర్చుని, వాన చూస్తూ, టీ తాగుతూ, "అచ్చం శ్రావణమాసంలా ఉంది" అన్నారు. ఆయనకి అది చాలు. మేమే ఏదో చూపించలేకపోయామని టెన్షన్ పడ్డాం.

సూవర్డ్‌లో పడవ ఎక్కాం. ఆరు గంటల టూర్ తీసుకోవడం తప్పు, పెద్దవాళ్లుంటే అఖాతం దాటని చిన్న టూరే తీసుకోండి. బయటి సముద్రంలోకి వెళ్లగానే నేను, పెద్దాడు సంచీల్లోకి తలలు పెట్టాం. అమ్మకి ఏమీ కాలేదు. చిన్నప్పుడు లంకకి రోజూ పడవలో బడికెళ్లిన మనిషి. వెల్లకిలా తేలుతూ పొట్ట మీద రాయితో గవ్వలు పగలగొట్టుకునే సముద్రపు నీటికుక్కని, అదే సీ ఆటర్‌ని చూసి ఎంత నవ్విందో. గ్లేసియర్ ముక్క విరిగి పడినప్పుడు ముందు మంచు పడటం కనిపించింది, ఉరుములాంటి చప్పుడు తర్వాత వచ్చింది. చిన్నది "ఎందుకు లేటు?" అంటే పెద్దాడు, వాంతుల మధ్యే, శబ్ద వేగం గురించి చెప్పాడు.

ఎగ్జిట్ గ్లేసియర్ దారి పొడవునా ఏడాది రాసిన బోర్డులు ఉంటాయి. ఆ ఏడాదికి మంచు అంచు అక్కడిదాకా ఉండేదని. 1951 బోర్డు చూసి నాన్న "నేను ఇంకా పుట్టలేదు" అన్నారు. 2010 బోర్డు దగ్గర అమ్మ ఆగి, "నీ పెళ్లైన ఏడు కదే" అని, అక్కణ్ణుంచి దూరంగా ఉన్న మంచు వైపు చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

రష్యన్ రివర్‌కి నాన్న, నేను, పెద్దాడు వెళ్లాం. దారంతా గట్టిగా మాట్లాడుకోమన్నారు కదా, నాన్న ఊళ్లో భూమి తగాదా మొత్తం మొదటి నుంచి చెప్పారు. ఏ ఎలుగూ దగ్గరికి రాలేదు. జలపాతం దగ్గర మాత్రం మాట ఆపేశారు. చేపలు ఎగరడం, రాయికి కొట్టుకుని కింద పడటం, సుడిలో కాసేపు ఆగి మళ్ళీ ఎగరడం. ముప్పావుగంట కదల్లేదు. పెద్దాడు "తాతయ్యా, ఇవి గుడ్లు పెట్టి చచ్చిపోతాయట" అన్నాడు. "ముందు ఎక్కనీ" అన్నారు.

ఆంకరేజ్‌లో ఉత్తరాన_ఉన్నోడు గారింటికి భోజనానికి వెళ్లాం. ఆయన పట్టిన సాకైతో అమ్మే పులుసు పెట్టింది. బెండకాయలు వేసి, చివర్లో మేం తెచ్చిన ఆవకాయ మీద తేరిన నూనె పోసి. పులసలో ముళ్లు ఏరుకునే అలవాటు కదా, నాన్న ప్రతి ముద్దా వెతుకుతూనే ఉన్నారు. "రుచి బావుంది, కానీ ముల్లు లేని చేప తింటుంటే మోసం చేసినట్టుంది" అని తీర్పిచ్చారు. మూడుసార్లు వేయించుకున్నారు మరి.

చివరి సాయంత్రం ఆంకరేజ్ సముద్రతీరం బాటలో నడుస్తుంటే మబ్బు విడిపోయి, దూరంగా తెల్లగా ఏదో కనిపించింది. పక్కన సైకిల్ మీద వెళ్తున్నావిడ ఆగి "డెనాలి" అంది. వంద మైళ్ల పైన దూరం. రెండు రాత్రుల టాల్కీట్నా గది అద్దె గుర్తొచ్చి మావారి మొహం చూడాలి!

వరంగల్_టు_సియాటిల్ | జూలై 29
చదువుతుంటే కడుపు నిండింది. మా అమ్మవాళ్లకి వచ్చే ఏడు ఇదే రూటు, విమానంలోనే.

ఉత్తరాన_ఉన్నోడు | జూలై 30
మా ఆవిడ ఆ పులుసు కొలతలు అడుగుతోంది. చింతపండు ఎంత?

శ్రావణి_డాలస్ | జూలై 30
అమ్మని అడిగాను, "చేపని బట్టి" అంది. అంతకంటే ఎవరూ రాబట్టలేరు.

ఒకటి చెప్పడం మర్చిపోయాను. కూపర్ లాండింగ్‌లో రాత్రి పదిన్నరకి నాన్న వాళ్ల స్నేహితుడికి వీడియో కాల్ చేశారు, రాజోల్లో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. "చూడరా, రాత్రి పదిన్నరకి ఎంత వెలుగో" అని ఫోన్ చుట్టూ తిప్పి చూపించారు. ఆయన కాసేపు చూసి, "ఇక్కడ కూడా వెలుగేగా, ఇందులో వింతేముంది, అన్నం తిన్నావా లేదా?" అన్నారు.